రెండు నిండు జలాశయాలు, 71 రోజుల దాహం

ఉస్మాన్‌సాగర్‌లో పట్టేది 3.9 టీఎంసీలు. హిమాయత్‌సాగర్‌లో 2.97. రెండూ నిండితే 6.87 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. 1996 నాటికి హైదరాబాద్‌కు రోజుకు అందించగలిగిన తాగునీరు 145 ఎంజీడీ, అంటే 14.5 కోట్ల గ్యాలన్లు. లీటర్లలో చెప్పుకుంటే 66 కోట్లు. మరో చుక్క ఎక్కడి నుంచీ రాకపోయినా, ఆ రెండు జలాశయాలే అప్పటి నగరాన్ని 295 రోజులు ఆదుకునేవి. 2022 నాటికి ఆ సామర్థ్యం 602 ఎంజీడీలకు, అంటే 274 కోట్ల లీటర్లకు చేరిందని ప్రభుత్వమే చెప్పింది. అవే జలాశయాలు, అంతే నిండుగా ఉన్నా ఇప్పుడు 71 రోజుల్లో ఖాళీ. ఆవిరయ్యే నీటినీ, అడుగున పేరుకున్న పూడికనూ ఈ లెక్కలో పట్టించుకోలేదు. పట్టించుకుంటే రోజులు ఇంకా తగ్గుతాయి.

జనం పెరిగారు కదా, నీళ్లు పెరగవా అంటారు. పెరగాల్సిందే. అయితే ఎంత? 1991 జనగణనలో హైదరాబాద్ నగర ప్రాంత జనాభా 43 లక్షలు. 1996కు సుమారు అరకోటి అనుకుందాం. ఇప్పుడు కోటి దాటింది. జనం రెండింతలైతే నీటి సామర్థ్యం నాలుగింతలకు పైగా అయింది. తలసరి లెక్క వేస్తే అప్పట్లో 130 లీటర్ల చిల్లర, ఇప్పుడు 250 లీటర్ల దగ్గర. ఇదంతా ఇంటి కుళాయిల్లోంచే పోతోందని కాదు. ఇందులో హోటళ్లున్నాయి, ఆసుపత్రులున్నాయి, ఐటీ టవర్లున్నాయి, పైపుల్లో దారిలోనే కారిపోయేదీ ఉంది. పైగా ఇది అందించగల సామర్థ్యమే తప్ప రోజూ అంతా అందుతుందనీ కాదు. అన్నీ మినహాయించుకున్నా ఒక మాట మిగులుతుంది: మనం ఎక్కువమందిమి అయ్యాం, దానితోపాటు ఒక్కొక్కరం ఎక్కువ వాడేవాళ్లమూ అయ్యాం. మొదటిది జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. రెండోది ఎవరి లెక్కలోనూ కనిపించదు.

ఆ రెండో లెక్కను పాల్మాకుల దగ్గర నిలబడి చూడటం తేలిక. శంషాబాద్ దాటాక బెంగళూరు హైవే మీద వచ్చే ఊరిది. పొరుగునే విమానాశ్రయం, దాని చుట్టూ గోదాములు, వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు. పల్లెకు తాగునీటి కోసం మిషన్ భగీరథ పెట్టుకున్న లక్ష్యం తలకు రోజుకు 100 లీటర్లు. మున్సిపాలిటీకి 135, కార్పొరేషన్‌కు 150. అంటే శంషాబాద్ వైపు పోతున్న కొద్దీ ఒకే మనిషికి దాహం పెరుగుతుందని ప్రణాళికే ఒప్పుకుంది. 2021 జనవరి నుంచి హైదరాబాద్ నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. నలుగురున్న ఇంట్లో అది తలకు రోజుకు 167 లీటర్లు. పల్లెకు పెట్టుకున్న లక్ష్యం కన్నా నగరంలో బిల్లు లేకుండా వచ్చేదే మూడింట రెండొంతులు ఎక్కువ.

పేదింటికి నీళ్లు ఉచితంగా ఇవ్వడాన్ని తప్పు పట్టడం లేదు. ఉచితానికి గీత ఎక్కడ గీశారన్నదే ప్రశ్న. 167 దగ్గర గీస్తే 167 దాకా అవసరమేనని ఇంటికి చెప్పినట్టే.

ఒకప్పుడు గీసిన గీత

మితం అనేదాన్ని మాటలకే వదిలేయకుండా అంకెల్లో, చట్టంలో రాసిన సందర్భాలు మనకు తక్కువ. అలాంటిదొకటి ఈ ప్రాంతంలోనే ఉంది. 1996 మార్చి 8న వచ్చిన 111వ నంబరు జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలుష్యం వచ్చే కాలనీలు వద్దన్నది. కొత్త లేఅవుట్లలో 60 శాతం జాగా ఖాళీగా, రోడ్లకు వదలాలన్నది. ఇల్లు కట్టుకుంటే నేల విస్తీర్ణంలో సగానికి మించకూడదన్నది. అంటే 200 గజాల ప్లాటులో ఎన్ని అంతస్తులు వేసినా అన్నీ కలిపి 100 గజాలే. మొత్తం ప్రాంతంలో 90 శాతం వ్యవసాయానికీ పచ్చదనానికీ ఉంచాలన్నది. 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. అందులో శంషాబాద్ మండలం ఊళ్లూ ఉన్నాయి.

అంత నేల ఎందుకు? ఏటా సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే 1.32 లక్షల ఎకరాల మీద కురిసేది 14 టీఎంసీలు. జంట జలాశయాల సామర్థ్యానికి రెట్టింపు. అందులో ఎక్కువ భాగం నేలలోకి ఇంకుతుంది, ఆవిరవుతుంది, పంట తాగుతుంది. మిగిలినదే కుంటల్లోంచి వాగుల్లోకి, మూసీలోకి, ఈసీలోకి దిగుతుంది. ఇంకే నేల తగ్గితే వానపడ్డ రోజు వరద, వాన లేని రోజు ఎండిన బోరు. ఈ సంగతి శంషాబాద్ వాళ్లకు పుస్తకం చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబర్‌లో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవేనే కోసుకుపోయింది. ఆ చెరువు శిఖంలో ఉన్న కట్టడాలను ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది 2024 ఆగస్టులో. మధ్యలో నాలుగేళ్లు.

జంట జలాశయాలు పుట్టిందే వరదలోంచి. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన నీళ్లను ఆపే జలాశయాలు కట్టాలని ఆయన చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి మంచినీళ్లూ అయ్యాయి.

111 జీవోకు అసలు పరీక్ష పాల్మాకుల పక్కనే, అదే హైవే మీది పెద్దషాపూర్‌లో ఎదురైంది. ఆముదం నూనె నుంచి రకరకాల ఉత్పత్తులు తీసే ఫ్యాక్టరీ ఒకటి అక్కడ పెట్టాలనుకున్నారు. భూమి కొన్నది 1993లో. ఆ ప్రక్రియలో నికెల్ అనే భారలోహం వ్యర్థాల్లోకి వస్తుందని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. ప్రభుత్వం మాత్రం ఆ ఒక్క ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చింది. అప్పీలు అథారిటీ, హైకోర్టు కూడా కంపెనీ పక్షానే తీర్పు చెప్పాయి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న ఒక తీర్పు, 2000 డిసెంబర్ 1న తుది తీర్పు. రాసినది మన తెలుగు న్యాయమూర్తే, జస్టిస్ ఎం. జగన్నాధరావు. జనం తాగే నీటి దగ్గర ప్రభుత్వం అలా మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. అంతకన్నా ముఖ్యమైనది బరువు ఎవరిదన్న మాట. హాని జరుగుతుందని ఊరివాళ్లు నిరూపించనక్కర్లేదు. హాని జరగదని కట్టేవాళ్లే నిరూపించాలి. పర్యావరణ చట్టం చదివే విద్యార్థులు దేశమంతటా ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. పెద్దషాపూర్ పేరు అలా చట్టం పుస్తకాల్లోకి ఎక్కింది. ఊళ్లో ఎంతమందికి తెలుసో మరి!

ఈ జీవో వెనకున్న ఆలోచన మనకు కొత్తది కాదు. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. పంట మీద వచ్చినది దీపానికీ నైవేద్యానికీ ఖర్చు పెట్టొచ్చు, మాన్యాన్ని మాత్రం అమ్ముకోకూడదు. గాంధీజీ ట్రస్టీషిప్ అని చెప్పినదీ ఈ దారిలోదే. జలాశయానికి ఏటా వచ్చే నీరు పంట, నీరు పట్టే నేల మాన్యం. 111 జీవో పంట సంగతి ఎత్తలేదు, మాన్యానికి కాపలా పెట్టింది.

1.25 శాతం అనే వాదన

2022 ఏప్రిల్ 12న 69వ నంబరు జీవో వచ్చింది. 111లోని ఆంక్షలను తీసేస్తున్నట్టు చెప్పింది. 2023 మేలో మంత్రివర్గం పూర్తిగా ఎత్తివేతకే నిర్ణయం తీసుకుంది. ప్రభుత్వం చూపిన కారణం కూడా అంకే. 111 వచ్చిన నాడు నగరం తాగే నీటిలో నాలుగో వంతుకు పైగా ఈ జలాశయాల నుంచి వచ్చేది, ఇప్పుడు వాటి వాటా 1.25 శాతం లోపే కాబట్టి ఆంక్షలు అక్కర్లేదన్నది వాదన.

అంకె తప్పని అనను. భిన్నంలో కింద ఉన్న సంఖ్య ఎలా పెరిగిందన్నదే చూడాలి. కృష్ణా నీళ్లు మూడు దశల్లో, 2004, 2008, 2015లో, మొత్తం 270 ఎంజీడీ. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు 2015 నుంచి, 172 ఎంజీడీ. కృష్ణా వంద కిలోమీటర్ల పైన, గోదావరి 186 కిలోమీటర్ల దూరం. దూరం నుంచి ఎంత ఎక్కువ తెచ్చుకుంటే దగ్గరి నీళ్ల శాతం అంత తగ్గుతుంది. తగ్గింది కాబట్టి దగ్గరిది అక్కర్లేదనుకుంటే, వాడకం పెంచుకోవడమే ఉన్నదాన్ని వదులుకోవడానికి సాకైనట్టు.

దూరానికి కరెంటు ఖర్చుంది. ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క కుళాయి దగ్గర ఎవరికీ కనిపించదు. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం సముద్ర మట్టానికి 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. పాత నగరం వాటికన్నా పల్లంలో ఉంది. అందుకే ఉస్మాన్‌సాగర్ నీళ్లు కాలువలో తమంత తామే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి, హిమాయత్‌సాగర్ నీళ్లు మీరాలం వైపు వచ్చేవి. మోటారు అక్కర్లేదు. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ 540 మీటర్ల దరిదాపుల్లో ఉంది. కృష్ణా నీటిని పుట్టంగండి దగ్గర పైకి తోడి అక్కంపల్లికి, అక్కడి నుంచి కోదండాపూర్, నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా గున్‌గల్ దాకా ఎత్తితే గానీ సాహెబ్‌నగర్‌కు దిగవు.

వెయ్యి లీటర్ల నీటిని 350 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస కరెంటు 0.95 యూనిట్. పంపు నూటికి నూరు పాళ్లు పనిచేస్తేనే ఇది. నిజం పంపులు, పైపుల రాపిడి కలుపుకుని 70 శాతం సామర్థ్యం వేసుకుంటే 1.36 యూనిట్లు. 270 ఎంజీడీ కృష్ణా నీళ్లకు రోజుకు తక్కువలో తక్కువ 12 లక్షల యూనిట్లు, నిజానికి 17 లక్షల దగ్గర. ఇంటికి ఉచితంగా వచ్చే 20,000 లీటర్లు కృష్ణా నీళ్లైతే, అవి వంటింట్లోకి రాకముందే 27 యూనిట్లు కాలాయి. దేశంలో సగటు యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. నెలకు 19 కిలోలు, ఏడాదికి 228. నీటి బిల్లు సున్నా అయినా ఈ బిల్లు సున్నా కాదు.

పక్కనే ఉన్న విమానాశ్రయంతో పోల్చి చూద్దాం. 5,495 ఎకరాల్లో 2008 మార్చి 23న మొదలైంది. అప్పుడు ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం కట్టారు, తర్వాత 3.4 కోట్లకు విస్తరించారు. 2023-24లో రెండున్నర కోట్ల మంది వచ్చి వెళ్లారు. అక్కడ 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది, మంచి ఎండలో రోజుకు 40 వేల యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. మెచ్చుకోదగ్గ పనే. నగరానికి ఒక్క కృష్ణా నీళ్లు ఎక్కించడానికే అలాంటివి 30 నుంచి 40 కావాలి. విమానాశ్రయం కర్బన తటస్థత సాధించిందని చదివినప్పుడు కూడా లెక్కకు గీత ఎక్కడ గీశారో చూడాలి. టెర్మినల్ దీపాలు, ఏసీలు, సొంత వాహనాలు గీత లోపల ఉంటాయి. విమానం ట్యాంకులో పోసే ఇంధనం గీత బయట. మన నీటి లెక్కలో పంపు కరెంటు గీత బయట ఉన్నట్టే.

ఆ 5,495 ఎకరాల మీద ఏటా పడే వాన 0.59 టీఎంసీ. హిమాయత్‌సాగర్‌లో అయిదో వంతు. ఇంటి దగ్గరికి వస్తే వంద చదరపు మీటర్ల డాబా మీద ఏటా 75 వేల లీటర్లు పడతాయి. 60 వేలు పట్టుకోగలిగినా ప్రభుత్వం ఇచ్చే మూడు నెలల ఉచిత నీటితో సమానం. ఎత్తాల్సిన పని లేదు, పైనుంచే వస్తాయి.

ఇక్కడ కథ మరో మలుపు తిరిగింది. 2025 సెప్టెంబర్‌లో గోదావరి నీటి పథకం రెండు, మూడు దశలకు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గండిపేటలో శంకుస్థాపన చేశారు. ఖర్చు 7,360 కోట్ల రూపాయలు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చి, అందులో రెండున్నర టీఎంసీలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను నింపి మూసీకి ప్రాణం పోస్తారట. ఎల్లంపల్లి నిండు మట్టం 148 మీటర్లు, మల్లన్నసాగర్‌ది 557. రెండున్నర టీఎంసీలను ఆ 409 మీటర్లు ఎత్తడానికే కనీసం 7.9 కోట్ల యూనిట్లు. విమానాశ్రయం సౌర కేంద్రం అయిదేళ్లు పనిచేసినా అంత కరెంటు రాదు. వాన నీళ్లు ఊరికే వచ్చి నింపిన జలాశయాలను కరెంటు పెట్టి నింపుకునే స్థితికి వచ్చాం. మూసీలో మంచినీళ్లు పారాలని ఎవరికుండదు? పైనున్న నేలను కాపాడకుండా కింద నీళ్లు పోస్తే ఏటా పోస్తూనే ఉండాలి.

ఇంటి లోపల ఏం జరుగుతోంది

పాత తరం ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే 10 లీటర్లు. కొత్త రకంలో చిన్న మీట 3, పెద్ద మీట 6. మనిషి రోజుకు అయిదుసార్లు వాడితే, సగటున అయిదు లీటర్లు మిగిలినా రోజుకు 25 లీటర్లు. కోటి మందికి 25 కోట్ల లీటర్లు, అంటే 55 ఎంజీడీ. గోదావరి మొదటి దశలో మూడో వంతు. ఇళ్లన్నింటిలో పాత ట్యాంకులే ఉన్నాయని కాదు, ఇది పై హద్దు. సగం ఇళ్లలో మార్చినా 27 ఎంజీడీ మిగులుతుంది, ఒక్క మీటరు పైపు వేయకుండా.

ఆర్వో యంత్రం ఇంకో సంగతి. చాలా ఇళ్లలో ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు పారబోస్తుంది. నలుగురికి తాగడానికీ వంటకూ 15 లీటర్లు కావాలంటే 45 లీటర్లు సింకులోకి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్వో వద్దని 2019 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. నగర నీటి సరఫరా సంస్థ జలమండలి నీళ్లు వచ్చే ఇంట్లో అది చాలావరకు గోడకు వేలాడదీసిన భయం. బోరు నీళ్లే దిక్కైన చోట సంగతి వేరు.

కుళాయిలో కనిపించని నీరు మరీ ఎక్కువ. ఒక నూలు టీషర్టు వెనక పత్తి చేను నుంచి అద్దకం దాకా ప్రపంచ సగటున 2,700 లీటర్లు ఖర్చవుతాయి. ఇంటికి నెలంతా వచ్చే 20,000 ఉచిత లీటర్లు ఏడు టీషర్టులతో సరి. ఆఫర్‌లో మూడు కొంటే రెండు ఫ్రీ అన్నప్పుడు పదమూడున్నర వేల లీటర్లు మోసుకొస్తాం. కిలో బియ్యానికి సుమారు 2,500 లీటర్లు. శంషాబాద్ చుట్టూ ఉన్న ఫంక్షన్ హాళ్లలో వెయ్యి మంది పెళ్లికి వచ్చి ఒక్కొక్కరు వంద గ్రాముల అన్నం విస్తరిలో వదిలేశారనుకోండి. వంద కిలోల అన్నం, అంటే సుమారు 36 కిలోల బియ్యం, 90 వేల లీటర్ల నీళ్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది హాలు ముందు వరసగా నిలబెట్టి వాల్వులు విప్పేసినట్టు. కూరలూ స్వీట్లూ ఇంకా లెక్కలోకి రాలేదు. పెళ్లిళ్ల మాట అటుంచి, ఇళ్లలోనే మన దేశంలో తలకు ఏటా 55 కిలోల తిండి వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో అంచనా కట్టింది.

ఇలాంటి అంకెలను గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. కిలో జొన్నకు ప్రపంచ సగటు 3,000 లీటర్ల పైన ఉంటుంది, వరి ధాన్యానికి 1,670. అంకె చూసి జొన్న దండగ అనుకునేరు. ఆ 3,000లో 2,850 పైగా వాన నీరే. చేలో పడి, చేలోనే ఇంకి, జొన్న వేయకపోతే గడ్డి తాగేది. వరికి కాలువో బోరో కావాలి. ఎంత నీరన్నదానికన్నా ఏ నీరన్నది ముఖ్యం. ఈ మెట్టనేలల్లో ఒకప్పుడు జొన్నే వేసినవాళ్లకు నీటి పాదముద్రల (వాటర్ ఫుట్‌ప్రింట్) శాస్త్రం తెలియదు, నేల తెలుసు.

నీళ్లను వదిలి మొత్తం భూమి లెక్కకు వెళ్తే, ఏడాదికి భూమి తిరిగి పుట్టించగలిగినదంతా మనుషులు వాడేసిన రోజు 2025లో జులై 24. అయితే అందరూ సగటు భారతీయుడిలా బతికితే ఒక్క భూమి సరిపోతుంది, ఇంకా మిగులుతుంది. ఈ మాట చెప్పుకుని మనం తప్పించుకోలేం. సగటు భారతీయుడు పాల్మాకుల పొలంలో ఉన్నాడో గచ్చిబౌలి అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడో చూసుకోవాలి కదా.

తగ్గించుకున్న ఊరు, చెల్లించిన ఊరు

నగరం పెరిగితే నీటి వాడకం తగ్గడం కుదరదని ఇంజినీర్లే అంటుంటారు. న్యూయార్క్ లెక్క చూడండి. 1990లో 73 లక్షల మంది, రోజుకు సుమారు 140 కోట్ల అమెరికన్ గ్యాలన్లు. 2020లో 88 లక్షల మంది, 100 కోట్ల గ్యాలన్ల లోపు. 15 లక్షల మంది పెరిగితే నీళ్లు 30 శాతం తగ్గాయి. మీటర్లు బిగించారు, లీకులు పట్టుకున్నారు, 1994 నుంచి 1997 దాకా డబ్బు ఎదురిచ్చి మరీ 13 లక్షల పాత మరుగుదొడ్డి సీట్లు మార్పించారు. తలసరి చూస్తే వాళ్లు ఇప్పటికీ మనకన్నా చాలా ఎక్కువే వాడతారు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది వాడకం కాదు, దిశ.

వాళ్లు చేసిన రెండో పని మనకు ఇంకా దగ్గరిది. ఆ నగరానికి నీళ్లిచ్చేది దూరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల్లోని పల్లెలు. నీళ్లు చెడిపోతే శుద్ధి కేంద్రం కట్టాలి, అప్పటి అంచనా 600 కోట్ల డాలర్లకు పైనే. దానికి బదులు 1997లో పల్లెలతో ఒప్పందం రాసుకున్నారు. మీ నేలను ఇలాగే ఉంచండి, అందుకయ్యే ఖర్చు మేం భరిస్తామని. మురుగు గుంతల మరమ్మతు నుంచి రైతుల పశువుల పాకల దాకా నగరం డబ్బు పెట్టింది.

మన 84 గ్రామాలకు అలాంటి ఒప్పందం లేదు. పాతికేళ్లకు పైగా వాళ్లు నేలను అట్టే పెట్టారు, నగరం తాగింది. గోడ అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతలి రైతు కూతురి పెళ్లికి అమ్ముకోబోతే 111 భూమి అని సగం ధర కూడా ఇవ్వలేదు. పైగా జీవోను తుంగలో తొక్కి ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నవాళ్లు కళ్లముందే ఉన్నారు. జీవో ఎత్తేయండని ఊళ్లు తీర్మానాలు చేశాయంటే అందులో దురాశ కన్నా అన్యాయం మీద కోపమే ఎక్కువ. పర్యావరణం పేరుతో మాట్లాడే నగరవాసులం ఆ కోపాన్ని చాలాకాలం వినలేదు. మాన్యాన్ని కాపాడే పని ఒకరిది, పంట ఒకరిదైతే ఆ ఏర్పాటు ఎంతో కాలం నిలవదు.

7,360 కోట్లలో పది శాతం, అంటే 736 కోట్లు. 1.32 లక్షల ఎకరాలకు పంచితే ఎకరానికి 55 వేల రూపాయలు. ఒక్కసారి ఇచ్చే డబ్బుగా చూస్తే కోట్లు పలికే భూమికి అది ఏ మూలకూ చాలదు. అదే నిధిగా పెట్టి, నీటి బిల్లులో చిన్న రుసుము కలిపి, నేలను నేలగా ఉంచిన రైతుకు ఏటా కౌలులా చెల్లిస్తే మాట మారుతుంది. 274 కోట్ల లీటర్లలో వెయ్యి లీటర్లకు ఒక్క రూపాయి వసూలైనా రోజుకు 27 లక్షలు, ఏడాదికి 100 కోట్లు. ఎకరానికి ఏటా 7,500. పెద్ద మొత్తం కాదు. ఇప్పటిదాకా ఇచ్చిన సున్నా కన్నా మెరుగు.

నా తీర్పు ఇది. జంట జలాశయాల చుట్టూ గీత ఉండాలి, దాని ఖరీదు గీత లోపలివాళ్ల దగ్గర కాకుండా నీళ్లు తాగేవాళ్ల దగ్గర వసూలు చేయాలి. కొత్త పైపు వేసే ముందు పాత ఫ్లష్ ట్యాంకులు మార్చాలి. గోదావరి మూడో దశకు ఖర్చు చూపే ప్రతి కాగితం మీద కరెంటు యూనిట్లు కూడా అచ్చు వేయాలి.

మీ ఇంటి మటుకు పని చిన్నదే. ఈ నెల ఒకటో తారీఖున నీటి మీటరు రీడింగ్ రాసుకోండి, వచ్చే నెల ఒకటిన మళ్లీ రాయండి. తేడాను లీటర్లలోకి మార్చి 30తో, ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించండి. 135 లీటర్లు దాటితే మొదట ఫ్లష్ ట్యాంకు దగ్గర, తర్వాత ఆర్వో గొట్టం దగ్గర వెతకండి.